వెనక గదిలో గాలం

జూన్ 3, మంగళవారం

సరస్సు ఒడ్డున ఉన్న ఊరి లైబ్రరీ నుంచి మరమ్మతుకి పెట్టె దిగింది. బైండింగ్ ఊడిన పాత పుస్తకాలు, అన్నీ గాలంతో చేపలు పట్టడం గురించే. ఎవరో పెద్దమనిషి జన్మంతా పోగుచేసి, పోతూ పోతూ లైబ్రరీకి రాసిచ్చాడట. లైబ్రేరియన్ గారు పైన చీటీ పెట్టారు: "ఈ విద్యకి ఇవే పెద్ద బాలశిక్షలని చెబుతారు. మనకంటే ముందు ఎలకలు చదివేశాయి. మీ చేతిలో పెడుతున్నాను." ఆవిడని ఎప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి చీటీల పరిచయమే.

అక్క వచ్చి పై పుస్తకం అట్ట మీద బొమ్మ చూసింది. నడుం లోతు నీళ్ళలో ఒక మనిషి, చేతిలో గాలం కర్ర. పుస్తకాన్ని బోర్లా తిప్పేసి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర మళ్ళీ పునాది గొయ్యి కథ చెప్పింది. నాకు ఐదేళ్ళు, తనకి పద్నాలుగు, వానకి నిండిన గొయ్యి, నా జుట్టు పట్టుకుని పైకి లాగడం. ఈసారి గొయ్యి ఇంకాస్త లోతయింది. ఏటేటా లోతవుతోంది.

"నీళ్ళ సప్లై ఆఫీసులో ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, అంత లోతు గొయ్యి మా రికార్డుల్లో లేదే" అన్నాడు బావ.

"మీరు తినండి" అంది అక్క.

జూన్ 6

ఎండ విపరీతం. కిటికీ తెరిచినా లాభం లేదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కింటి గోడ. తలుపు తీసే ఉంచాలి. దానికి గడియ కూడా లేదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అక్క పీకించేసింది, మళ్ళీ బిగించే ఆలోచన ఎవరికీ రాలేదు. సూది దించి కాసేపు చప్పుడు చెయ్యకపోతే హాల్లోంచి కేక వస్తుంది.

"చంటీ, ఏం చేస్తున్నావురా?"

నలభై ఏళ్ళ చంటి. "పని చేస్తున్నానక్కా" అనాలి. అనకపోతే వస్తుంది.

మా గురువుగారు అనేవారు: బైండరు పుస్తకాన్ని తాకాలి గాని చదవకూడదు, చదివినవాడు చెడతాడు. ఇన్నేళ్ళూ ఆ మాట తప్పలేదు. వైద్యం, న్యాయం, జ్యోతిషం, ఎన్ని కుట్టానో, ఒక్కటీ చదవలేదు. ఇవాళ మాత్రం జిగురు ఆరేలోపు ఒక పేజీ చదివాను. తర్వాత ఇంకొకటి. ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నవాణ్ణి ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు, చూస్తేనే తెలుస్తుంది కాబట్టి, అని రాశాడు ఆ రచయిత. అక్కడ చదవడం ఆపి ఆ వాక్యాన్నే మళ్ళీ చదివాను.

జూన్ 9

ముడుల అధ్యాయం. గాలానికి దారం కట్టడానికి రకరకాల ముడులు, బొమ్మలతో సహా. ఆ విషయంలో నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మైనం రాసిన దారంతోనే కదా నా బతుకు. సాయంత్రానికి అన్నీ వచ్చేశాయి. గర్వంగా ఉంది, చెప్పుకోవడానికి మనిషి లేడు.

జూన్ 12

నాకూ గాలం వెయ్యాలని ఉందని బావకి చెప్పేశాను. ఎక్కడో వెతికి సన్నటి వెదురు కర్ర ఒకటి తెచ్చాడు. "మీ అక్క అడిగితే బూజుకర్ర అని చెప్పు."

గాలం విసిరేటప్పుడు మోచెయ్యి ఒంటికి అంటుకునే ఉండాలి. అందుకు చంకలో ఒక పుస్తకం పెట్టుకుని, అది జారకుండా విసరడం సాధన చెయ్యాలని పుస్తకంలోనే ఉంది. అక్క బజారుకి వెళ్ళినప్పుడు నడవాలో మొదలుపెట్టాను. గాలం బదులు దారం చివర ఎండిన జిగురు ఉండ. మొదటి విసురుకి పుస్తకం కిందపడి, పోయిన వారం కుట్టిన వెన్ను విరిగింది. రెండో విసురుకి ఉండ వెళ్ళి ఆరేసిన దుప్పటిని చుట్టుకుంది. విడదీస్తుండగా అక్క వచ్చింది.

"బూజు దులుపుతున్నాను" అన్నాను.

"దుప్పటికా?"

ఏమీ అనకుండా కూరగాయల సంచీ లోపలికి తీసుకెళ్ళింది. అక్క ఏమీ అనకపోతేనే నాకు భయం.

జూన్ 17

బాగుచేసినవి సగం పంపాను కదా, లైబ్రేరియన్ గారి జవాబు వచ్చింది. ఈసారి చీటీ కాదు, ఉత్తరం. వాళ్ళ మరమ్మతు విభాగాన్ని చూసుకునే ఆయన రిటైరయ్యాడు. ఆ పని నాకు ఇస్తారట. సరస్సు వైపు కిటికీ ఉన్న వర్క్‌షాపు, పైన ఉండటానికి ఒక గది. మిగతా పుస్తకాలు చూశాక కమిటీ ఖాయం చేస్తుంది, జూలై పది లోపు మాత్రం నా సమ్మతి చెప్పాలి.

నాకు నవ్వొచ్చింది. నేను వెళ్తే అక్క ఏమైపోతుంది? నాకు రెండు రోజులు జ్వరమొస్తే మంచం పక్కనే పడుకునే మనిషి. తట్టుకోలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది, పెళ్ళయితే నన్ను కూడా వెంటబెట్టుకుని అత్తారింటికి వచ్చింది. కూతురు పెళ్ళయి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలిన చంటి నేనే. అలాంటి మనిషికి ఎలా చెప్పను? ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

ఉత్తరం ఎవరికీ చూపించలేదు.

జూన్ 18

జవాబు రాయలేదు. తొందరేముంది.

జూన్ 22, ఆదివారం

బావా నేనూ కటింగుకి వెళ్తున్నామని చెప్పి బయల్దేరాం. ఊరవతల పాత రాళ్ళ క్వారీ ఉంది. తవ్వడం మానేశాక నీళ్ళు నిండి చెరువులా తయారైంది. ఎవరో ఎప్పుడో చేపపిల్లలు వదిలారట, నీళ్ళాఫీసులో వాళ్ళకి తెలియని నీళ్ళుండవు.

ఒడ్డుకి పది అడుగుల దూరంలో నా కాళ్ళు ఆగిపోయాయి. రాళ్ళు జారుడుగా ఉన్నాయి, అందుకని. బావ చెయ్యిచ్చాడు. పుస్తకంలో చెప్పినట్టు వెలుగుకి ఎదురుగా కూర్చుని, నా నీడ నీళ్ళ మీద పడకుండా చూసుకుని, వానపాముని గుచ్చి విసిరాను. చంకలో పుస్తకం లేకపోయినా మోచెయ్యి అంటుకునే ఉంది. దారానికి కట్టిన బెండు వెళ్ళి నేననుకున్న చోటే నీళ్ళ మీద వాలింది.

"అబ్బో, చదువు వంటబట్టింది" అన్నాడు బావ.

బెండు కదిలింది. రెండుసార్లు మునిగి తేలింది. పుస్తకం చెప్పినట్టు కదలకుండా కూర్చున్నాను. చేప ఎరని నోట కరుచుకుని కొంత దూరం పోనివ్వాలి, పూర్తిగా మింగే దాకా ఓపిక పట్టాలి. పట్టాను. బెండు నిలబడిపోయింది. పైకి లాగి చూస్తే ఖాళీ గాలం.

సాయంత్రం దాకా అంతే. క్వారీలో చేపలన్నిటికీ విందు చేసి వచ్చాం.

"కటింగుకి వెళ్ళారుగా, ఏదీ?" అంది అక్క.

"షాపు మూసేశాడు" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

జూన్ 25

ఆఫీసు నుంచి బావ పెందలాడే వస్తే ఒక గంట వెళ్ళొచ్చాం. ఖాళీ గాలం. ఓపిక చాలడం లేదేమో. ఇంకాస్త ఆగాలి.

దారిలో బావని అడిగాను, ఈ ఏడాది వచ్చిన ప్రమోషన్ ఎందుకు వద్దన్నారు అని. పోయినేడు కూడా ఒకటి వదులుకున్నాడు. "పెద్ద ఊరు నాకు పడదోయ్, దుమ్ము" అన్నాడు. ఇక్కడ మాత్రం దుమ్ము లేదా? ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి.

జూన్ 29, ఆదివారం

ఇంకాస్త ఆగాను. ఖాళీ గాలం.

జూలై 1

అక్క ఇవాళ పనిగట్టుకుని వచ్చి గదిలో కూర్చుంది. ఏదో చెప్పబోయి జిగురు గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా నీకు?" అంది చివరికి. బాగానే ఉందన్నాను. ఉత్తరం సంగతి తెలిసిపోయిందేమో అనుకున్నాను. చూశావా, నేను వెళ్తానేమో అన్న అనుమానానికే ఆ మొహం అలా అయితే, నిజంగా వెళ్తే?

అక్క కోసమే. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

జూలై 2

ఇది రాసుకోవాలి.

ఖాళీ గాలం సంగతి తేల్చుకుందామని పుస్తకం మళ్ళీ తెరిచాను. నేను ఎంతో ఇష్టంగా కుట్టిన పుస్తకం అది. పేజీల మూలలన్నీ ఎలకలు కొరికేయడంతో నంబర్లు పోయాయి. అందుకని ఒక ఫారం, అంటే కలిపి మడిచిన పేజీల కట్ట, దాని చివరి వాక్యం తర్వాతి ఫారం మొదటి వాక్యంతో కలుస్తుందో లేదో చదివి చూసుకుంటూ కుట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. కాని ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున బైండర్ల కోసం ఒక చిన్న అక్షరం అచ్చువేస్తారు. ఆ వరుస చూసుకుని కుట్టాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదటి రోజు చెప్పే సంగతి ఇది.

ఇవాళ చూశాను. రెండు ఫారాలు తారుమారయ్యాయి.

చిన్న నోటి చేపల గురించి చెబుతూ "బెండు కదిలిన వెంటనే" అన్న దగ్గర ఒక ఫారం అయిపోతుంది. నేను దాని పక్కన కుట్టిన ఫారం "కదలకుండా కూర్చోవాలి, మింగే దాకా ఓపిక పట్టాలి" అని మొదలవుతుంది. అది పెద్ద నోటి వేటచేపల సంగతి. అసలు రావలసిన ఫారం ఇలా మొదలవుతుంది: "మణికట్టు విదిలించి లాగాలి. తటపటాయించావా, ఎరని కొరుక్కుతిని పోతుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను తప్పుగా కుట్టిన పుస్తకాన్ని నేనే చదివి, దాన్నే గురువనుకుని, ఒడ్డున బొమ్మలా కూర్చున్నాను. గురువుగారు బతికుంటే సూది లాక్కుని పంపేసేవారు.

రేపు కుట్టు విప్పి సరిచేస్తాను.

జూలై 3

విప్పలేదు. వేరే పనులు ఉన్నాయి.

కమిటీ ఈ పుస్తకాలన్నీ చూస్తుంది కదా. మరమ్మతు విభాగం పెద్దగా రావలసినవాడు ఫారాల వరుస కూడా చూసుకోలేదని తెలిస్తే ఏమంటారు? వద్దంటారు. అది వాళ్ళ నిర్ణయం. నేను చెయ్యగలిగింది ఏముంటుంది?

మిగతా వాటితో కలిపి దాన్ని కూడా పార్సిల్ కట్టేశాను.

జూలై 4

"పోస్టులో వెయ్యనా?" అన్నాడు బావ, పొద్దున పార్సిల్ చూసి. రేపు వేద్దాం అన్నాను.

జూలై 5

రేపు.

జూలై 6, ఆదివారం

అంతా రాయాలి. ముందు చేప.

ఇవాళ గాలం వేసి బెండుని చూస్తున్నాను. కదిలింది. మణికట్టు విదిలించాను, అంతే. దారం బిగిసింది. అవతల ఏదో ప్రాణి నా చేతిని లాగుతోంది. మొదట సంతోషం కలగలేదు, భయం వేసింది. వదిలేద్దామనిపించింది. "లాగవయ్యా!" అని బావ కేకలు. కర్ర పైకెత్తి పట్టుకుని రెండడుగులు ముందుకు వేశాను, రాయి జారింది, మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఏమీ కాలేదు. నీళ్ళలో నిలబడ్డాను, అంతే. నా వయసులో ఈ మాట రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

చేప అరచెయ్యంత ఉంది. పొట్ట తెల్లగా, రెక్కల దగ్గర కాస్త ఎరుపు. ఇంత చిన్నదాన్ని వదిలెయ్యాలని పుస్తకంలో ఉంది. "ఇంటికి తీసుకెళ్తే సాక్ష్యం మోసుకెళ్ళినట్టే" అని బావ కూడా అన్నాడు. తడి చేత్తో పట్టుకుని వదిలేశాను. మా ఇద్దరికీ నా ప్యాంటు గుర్తు రాలేదు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"ఎక్కడ తడిశావురా?"

"వాన పడిందిలే" అన్నాడు బావ. వీధి ఎండకి తెల్లగా మెరుస్తోంది.

"నేనడిగింది మిమ్మల్ని కాదు."

"క్వారీలో, అక్కా. చేపలు పడుతున్నాను. రెండు వారాల నుంచీ."

కుర్చీ పట్టుకుంది. "చచ్చిపోయేవాడివిరా. నా చేతుల్లో తేలినవాడివి, మళ్ళీ వెళ్ళి నీళ్ళలో దిగుతావా? మీకైనా బుద్ధుండక్కర్లేదా, వాడు పిలిస్తే మీరు తోకలా వెళ్ళడమేనా?"

అప్పుడు నా నోరు నా మాట వినలేదు. "నలభై ఏళ్ళక్కా నాకు! నా గదికి గడియ లేదు. దగ్గితే వచ్చేస్తావు, దగ్గకపోయినా వచ్చేస్తావు. సరస్సు ఊళ్ళో ఉద్యోగం ఇస్తామంటున్నారు, తెలుసా? గది కూడా ఇస్తారు. వద్దనుకున్నాను. నీ కోసమే వద్దనుకున్నాను! నీ కోసమే ఇక్కడ పడి ఉన్నాను!"

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నా కోసమా?" అంది మెల్లిగా. తర్వాత బావ వైపు తిరిగింది. "విన్నారా? నా కోసమట. చెప్పండి వాడికి, రెండు ప్రమోషన్లు ఎందుకు వదిలేశారో చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు బావ.

"రెండుసార్లూ మన అమ్మాయి ఉండే ఊరికే వేశారురా. వీడొక్కడూ ఎలా ఉంటాడండీ, అన్నం కూడా వండుకోలేడు, అని నేనే వద్దనిపించాను. దాని కాన్పుకి వెళ్ళి, ఉండమని ఏడుస్తున్నా వినకుండా, నీకు తిండెవరు పెడతారని పరిగెత్తుకొచ్చాను. నా మనవరాలు ఫోన్లో నన్ను చూసి కొత్తమనిషని జడుసుకుంటుంది. మొన్న నేను నీ గదికి వచ్చింది ఇంకో మాట చెబుదామనే. మూడోసారి వేశారు, ఇదే ఆఖరిది. నోరు రాక లేచి వచ్చేశాను."

"నన్ను అడగొచ్చుగా. నేనెప్పుడైనా ఉండమన్నానా?"

"వెళ్ళమని కూడా అనలేదుగా!"

బావ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలో బయటికి పోవాలో తెలియని మనిషిలా.

జూలై 7

పని చెయ్యలేదు. అక్క భోజనం పెట్టింది, తిన్నాను. రోజంతా హాల్లోంచి కేక రాలేదు.

నేను త్యాగం చేస్తున్నానని అనుకుంటూ ఉన్నాను. ఈ ఇంట్లో త్యాగం చేస్తున్నది ఒక్క మనిషే కాదట. ముగ్గురం ఒకరి మెడలో ఒకరం వేలాడుతూ, అవతలివాళ్ళు పడిపోతారని పట్టు వదలడం లేదు. బావ చెప్పిన దుమ్ముని నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

నిజంగా అక్క కోసమే ఆగానా? నిన్న తను "నా కోసమా" అన్నప్పుడు నాలో కలిగింది ఆశ్చర్యం కాదు. దొరికిపోయిన భావం.

జూలై 8

పార్సిల్ ఎందుకు కట్టానో నాకు మొదటి నుంచీ తెలుసు. వాళ్ళే వద్దంటే బాగుండునని. అక్క అడ్డం అని చెప్పుకోవడం, అది చాలకపోతే తప్పుడు కుట్టు పంపించి కమిటీని అడ్డం పెట్టుకోవడం. నాకు భయం. కొత్త ఊరు, కొత్త మనుషులు, సాయంత్రం గదికి వస్తే ఎవరూ ఉండకపోవడం. అదీ సంగతి. నీళ్ళతో దానికేం సంబంధం లేదు.

తాడు తెంపాను. పుస్తకం బయటికి తీసి అట్టలు ఊడదీసి, వెన్ను తడిపి, జిగురు గీకి, కుట్టు ముడి ముడీ కత్తిరించాను. నా కుట్టు గట్టిది, ఊరికే రాలేదు. ఫారాలన్నీ బల్ల మీద పరిచి, ఈసారి ఒక్క వాక్యం కూడా చదవకుండా, అడుగున అక్షరాలు మాత్రమే చూసుకుంటూ వరుస పెట్టాను. మధ్యాహ్నం నుంచి కుట్టాను. చివరి ముడి వేసేసరికి పక్కింటి గోడ మీద ఎండ పోయింది. బాగా వచ్చింది. ఈ పుస్తకాన్ని ఏ కమిటీ అయినా చూసుకోవచ్చు.

జూలై 9

పార్సిల్ నేనే తీసుకెళ్ళి పోస్టులో ఇచ్చాను. జవాబు కూడా వేశాను, రేపటికి అందుతుందట. రెండే మాటలు రాశాను: సంతోషంగా వస్తున్నాను. సంతోషం మాట మర్యాదకి.

భోజనాల దగ్గర చెప్పాను. "అక్కా, వెళ్తున్నాను. మీరు కూడా ఆ ప్రమోషన్‌కి ఒప్పుకోండి."

చెప్పాక అక్క మొహం చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి "ఉండిపోరా" అంటుందేమోనని. అంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. సిగ్గు లేకుండా అంతా రాస్తున్నాను కదా, ఇది కూడా రాస్తున్నాను: అంటే ఉండిపోదామనుకున్నాను.

అక్క గరిటె గిన్నెలో పెట్టింది.

"అక్కడ గదికి గడియ ఉంటుందా?" అంది.

"ఉంటుంది."

"మంచిది" అంది. నా కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాని మొహంలో ఏదో వదులైంది. కట్టిన తాడు విప్పాక ఒంటి మీద అచ్చులు పడి ఉంటాయి చూడు, అలాంటి మొహం. దాచుకోవాలని చూసింది గాని దాగలేదు.

ఎంత నొప్పిగా ఉందో రాయలేను.

జూలై 10

పొద్దున మెలకువ వచ్చేసరికి వంటింట్లోంచి పాట వినిపిస్తోంది. రేడియో అనుకున్నాను. మా ఇంట్లో రేడియో లేదు.

నడవాలోకి వచ్చాను. బావ ఆఫీసు బట్టల్లో, ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

అక్క పాడుతోంది. గొంతు కాస్త బొంగురుగా ఉంది, పై స్వరం దగ్గర తడబడి, మళ్ళీ అందుకుని పాడుతోంది. బాగా పాడుతోంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, అక్క పాడుతుందని నాకు తెలియదు.

"పెళ్ళయిన కొత్తలో, నువ్వు బడికి వెళ్ళాక పాడేది" అన్నాడు బావ గుసగుసగా.

"ఎప్పుడు మానేసింది?"

బావ వంగి రెండో బూటు తొడుక్కోవడంలో పడ్డాడు. లేసు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు.

దాహంగా ఉంది. కుండ వంటింట్లోనే ఉంది. నేను వెళ్తే ఆపేస్తుంది. గదిలోకి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకా పాడుతూనే ఉంది.